గ్రహణం నాడు కొరికిన దారం

1999లో నేను విజయవాడలో ఒక నర్సింగ్‌హోమ్ స్కానింగ్ గదిలో ఆయాను. ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టినదాన్ని కాబట్టి మిషన్ జోలికి రానిచ్చేవారు కాదు. వచ్చినవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి, పొట్టకు జెల్లీ రాసి, అయ్యాక తుడవడం నా పని. జెల్లీ అంటే తినేది కాదు. ప్రోబ్, అంటే డాక్టరమ్మ పొట్ట మీద తిప్పే పరికరం, సాఫీగా జారడానికి రాసే చల్లటి జిగురు. అది తగలగానే ఎవరైనా ఉలిక్కిపడతారు. "ఎండాకాలం రమ్మంటే రారు, ఇప్పుడు చలి అంటారు" అని ఆటపట్టించేదాన్ని.

ఆ ఆగస్టులో సూర్యగ్రహణం వచ్చింది. తర్వాత కొద్దిరోజులకే చల్లపల్లి దగ్గర్నుంచి నాగలక్ష్మి అనే అమ్మాయి అత్తగారితో వచ్చింది. వాళ్లది నేతపని. అమ్మాయికి తొలిచూలు, ఐదో నెల. బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే స్కాన్ అది. ఐదో నెలకి పొట్టతోపాటు బుగ్గలు కూడా రావాలి; ఈ పిల్లకు ఉన్నవీ పోయాయి. బరువు కిందటి నెలకన్నా తగ్గింది.

అత్తగారిని బయట కూర్చోబెట్టి జెల్లీ రాశాను. నాగలక్ష్మి ఉలిక్కిపడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇందులో పెదవి కనబడుద్దా?"

"ఎవరిది? నీదైతే అద్దం చాలు."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "గ్రహణం పూట కదలకుండా పడుకోవాలిగా. మగ్గం మీద పోగు తెగి కనబడితే ఊరుకోలేక లేచి అతికానక్కా. కొస పళ్లతో కొరికా. బిడ్డకు మొర్రి వస్తదంటగా, పెదవి చీలి పుడతదంటగా. అప్పట్నించీ ముద్ద దిగట్లా. మా అత్తయ్యకి చెప్పమాక."

డాక్టరమ్మకు చెప్పొద్దనలేదు కాబట్టి, ఆవిడ రాగానే చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. గుండె, వెన్నెముక, చేతులు చూపించింది. మొహం మాత్రం దొరకలేదు. బిడ్డ వీపు తిప్పుకుని ఉంది.

"పెదవి మూడో నెలకి ముందే ఏర్పడిపోతుందమ్మా. గ్రహణం వచ్చేసరికి ఆ పని ఎప్పుడో అయిపోయింది. మొర్రి దారం కొరికితే రాదు. వేరే కారణంతో వచ్చినా ఆపరేషన్ చేసి సరిచేస్తారు. నువ్వు తిండి మానేస్తే మాత్రం నేను కుట్లేసి సరిచేయలేను. ఏదన్నా తిని, కాసేపు నడిచి రా. మళ్లీ చూద్దాం."

అత్తాకోడళ్లిద్దరినీ క్యాంటీన్‌కు తీసుకెళ్లి చెరో ప్లేటు ఇడ్లీ పెట్టించాను. ఒక్కరూ ముట్టుకోలేదు.

"ఏంటి, ఇడ్లీకి కూడా గ్రహణం పట్టిందా?"

"నాకు ఒంటిపూట భోజనమమ్మా. మొక్కు" అంది అత్తగారు.

"ఏం మొక్కండీ?"

ఆవిడ కోడలి వైపు చూసి తలదించుకుంది. "ఆ రోజు ఈ పిల్ల దారం కొరకటం గుమ్మంలోంచి చూశా. వద్దనేలోపే కొరికేసింది."

నాగలక్ష్మి నోరు తెరిచింది. "చూశారా అత్తయ్యా? మరి అడగలేదేం?"

"అడిగితే బెంగపెట్టుకుని తిండి మానేస్తావని."

"అడక్కపోయినా మానేసిందిగా" అన్నాను. "ఒక్క పోగు తెగితే ఇద్దరు పస్తులున్నారు. చీర మొత్తం చిరిగితే ఊరంతా ఉండేదేమో."

ముందు నవ్వింది అత్తగారే. నవ్వుతూనే ఇడ్లీ తుంచి కోడలి నోట్లో పెట్టింది. కోడలు ఇంకో ముక్క తుంచి ఆవిడ నోటిముందు పెట్టి, ఆవిడ తినేదాకా చెయ్యి తియ్యలేదు.

రెండోసారి అత్తగారిని కూడా లోపలికి పిలిచాను. జెల్లీ తగలగానే నాగలక్ష్మి "అబ్బా" అంది. ఆ మాటకు నాకు సగం ప్రాణం లేచొచ్చింది. బిడ్డ ఇటు తిరిగి ఉంది. డాక్టరమ్మ బొమ్మను ఆపి వేలితో చూపించింది. పై పెదవి, కింద పెదవి. ఎక్కడా చీలిక లేదు. మళ్లీ బొమ్మ కదిలించగానే నోరు తెరుచుకుంది, మూసుకుంది.

"ఉమ్మనీరు మింగుతోంది" అంది డాక్టరమ్మ.

"అయితే వీళ్లింట్లో తిండి మానకుండా ఉన్నది ఆ ఒక్క నోరేనన్నమాట" అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ గదిలోనే పనిచేశాను. జోకులు మానలేదు. కాకపోతే జెల్లీ రాసినప్పుడు ఉలిక్కిపడని మనిషి తగిలితే, ముందు ఏం తిన్నావని అడిగేదాన్ని. తర్వాత బయటికెళ్లి, ఆమె వెంట వచ్చి బెంచీ మీద కూర్చున్న మనిషినీ అదే అడిగేదాన్ని.