మరబోటు పెళ్లి రాసిన నూకాలు

నూకాలు బతికే ఉంది. ఈ మాట ముందే రాసేయాలి. లేకపోతే సగం విన్నవాళ్లు మళ్లీ మా ఇంటికి పరామర్శకి వస్తారు. పోయినసారి ఇద్దరు వచ్చారు. వాళ్లకి కాఫీ ఇచ్చి, విషయం ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, పోయిందనుకున్న మనిషే గుమ్మంలో బుట్ట దించి, "కానాగంత సేపలు తెచ్చినాను. తీసుకుంటావా, ఎదురింటికి ఎల్లిపోమంటావా?" అని కేకేసింది. వచ్చినవాళ్లలో ఒకావిడ కాఫీ చీర మీద ఒలకబోసుకుంది.

అంత గందరగోళం ఎందుకొచ్చిందంటే నావల్లే వచ్చింది. గాజువాకలో మా వీధివాళ్లు నన్ను ఎదురుగా కనకరత్నం గారంటారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు, ఆగి వినే వస్తాను కాబట్టి. మాది కాకినాడ వైపు. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగమొస్తే ఇక్కడికి వచ్చాం. నేను బడికి వెళ్లింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా మా వంటింటి కిటికీ దగ్గర చదువుకున్నాను.

నూకాలుది ఫిషింగ్ హార్బర్ పక్కన జాలరి పేట. తెల్లవారకముందే వేలంలో చేపలు కొని, ఐసు పోయించుకుని, షేర్ ఆటోలో బుట్టతో మా వీధికి వచ్చేస్తుంది. డ్రైవర్ బుట్టకి వేరే చార్జీ అడిగితే, "నా బుట్ట కూకోడానికి సీటిచ్చినావా?" అని వాణ్నే అడుగుతుంది. తలలో బంతిపువ్వంత చామంతి, నుదుట రూపాయంత బొట్టు. వినయం అన్నది ఆమె బుట్టలో ఏనాడూ లేదు. తన గొంతు వింటే సముద్రం మీద బోటు కూడా ఆగి వింటుందని ఆమె గట్టి నమ్మకం.

ఒకరోజు మా అరుగు మీద చేపలు కోస్తూ ఏదో పాడుతోంది.

"నూనె తాగిన నోరు నాది, ఉప్పు మేసిన ఒళ్లు నీది,
ఒడ్డు మీద కూకునుంటే ఏటి లాభం, తెప్పయ్యా, తాళి తే..."

పాట బాగుంది. బాగున్నది ఎవరిదో తెలుసుకోకపోతే నాకు అన్నం అరగదు.

"ఎవరిదే ఆ పాట?"

"నాదే."

"నీదంటే?"

"నాదంటే నాదే అక్కా. నీకు పప్పుడికినట్టు నాకు పాటుడుకుతాది."

ఇక ఆ రోజు చేపలకి పట్టిన సమయం కన్నా నా ప్రశ్నలకి పట్టిన సమయమే ఎక్కువ. నూకాలు మొగుడు సింహాద్రి ఒకప్పుడు తెప్ప మీద వేటకెళ్లేవాడు. తర్వాత మరబోటు ఎక్కాడు. తెప్ప ఇసకలో పడి ఎండిపోతుంటే చూడలేక నూకాలు ఒక నాటకం కట్టింది. కొత్త మరబోటు అలిగి కదలనంటుంది. ఎందుకే అంటే, ఒడ్డున పడి ఉన్న ఆ ముసలి తెప్పతో పెళ్లి చేస్తే గానీ కదలనంటుంది. మాటలు తక్కువ, పాటలు ఎక్కువ. ఏటా అమ్మవారి పండగకి ఐసు పెట్టెల మీద చెక్కలు పరిచి, పేటవాళ్లే ఆడతారు.

"పండగంటే మైకుంటుంది కదా. నీ పేరు చెబుతారా?" అన్నాను.

కత్తి ఆగింది.

"నా పేరెవుడు సెప్తాడక్కా? మా మరిది కృష్ణంరాజు మైకు పట్టుకుని, 'మన పెద్దలిచ్చిన నాటకం' అంటాడు. ఏ పెద్దల్రా? నానిక్కడ రాయిలా నిలబడున్నాను కదరా! ఒక్కపాలి, ఒక్కటంటే ఒక్కపాలి, మైకులో 'రచన నూకాలు' అని ఇనాలక్కా. తరవాత ఏటైపోయినా పర్లేదు."

తరవాత ఏమవుతుందో నేను దగ్గరుండి చూసుకున్నాను.

గాజువాక వైపు ఏటా ఒక నాటక పరిషత్తు పోటీలు పెడుతుంది. దాని కార్యదర్శి శివరామకృష్ణ గారు. మా గోదావరి మనిషే, నిదానస్తుడు. పోర్టులో గుమాస్తాగా చేసే దేవీప్రసాద్‌కి ఒక నాటక బృందం ఉంది. అతను హార్మోనియం వాయిస్తాడు, నాటకం నడిపిస్తాడు. నూకాలు పాటలు రెండు విని, మూడోదానికి హార్మోనియం తెచ్చుకున్నాడు. బృందం కుదిరింది. ఇక నేను శివరామకృష్ణ గారింటికి బయలుదేరాను. నూకాల్ని తీసుకెళ్లొచ్చు. కానీ తీసుకెళితే ఆమే మాట్లాడుతుంది, నాకు వంతు రాదు.

"సంగీత నాటకాలకి రెండు బహుమతులున్నాయమ్మా," అన్నారాయన. "ఒకటి కొత్త నాటకానికి. అందులో రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ బహుమతి. పేరు పిలిచి వేదిక మీద ఇస్తాం. రెండోది పునఃప్రదర్శనకి, అంటే పాత నాటకాన్ని మళ్లీ నిలబెట్టినందుకు. అక్కడ ఆడించినవాళ్లకే బహుమతి. పాటల మంచిచెడ్డలు ఎప్పుడో తేలిపోయాయి కదా, వాటినే మళ్లీ తూచలేం."

"ఇది కొత్తదేనండి. ఊరికే పేటలో పండక్కి ఆడుకున్నారు."

"పండగలో ఆడినంత మాత్రాన పాతదైపోదమ్మా. కానీ..."

ఆ 'కానీ' దగ్గర నా కన్ను గోడ మీద ఫొటో మీద పడింది. చామంతుల దండ, పక్కన అగరుబత్తి. ఎవరో, ఎలా పోయారో, ఎంత వయసో... ఆయన చెబుతున్నది నా చెవి పక్కనుంచి పోయింది. అప్పుడు పోయింది గానీ, తర్వాత మళ్లీ చెప్పించుకున్నాను కాబట్టి ఇప్పుడు కంఠతా వచ్చు. "కానీ, జనం నోళ్లలో నానిపోయిన నాటకమైతే, మా వేదిక మీద మొదటిసారి ఆడినా పాతదిగానే లెక్క. అది జడ్జీలు ప్రదర్శన చూసి తేలుస్తారు."

ఫొటోలో ఉన్నది వాళ్ల మేనమామట. గుండెపోటు.

ఇంటికొచ్చి నూకాలుతో, "నీది కొత్తదేనట. పిలిచి మరీ ఇస్తారట," అన్నాను. ఆమె ఆ రోజు నాకు రెండు చేపలు ఊరికే ఇచ్చింది. ఆ పులుసు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అయినా చాలా బాగుంది.

అక్కడితో ఊరుకుంటే నేను కనకరత్నాన్ని కాదు. తెలియని నాటకమని హాల్లో జనం చప్పట్లు కొట్టకుండా కూర్చుంటే? నాకు భయం పట్టుకుంది. రోజూ సాయంత్రం మా వీధి ఆడవాళ్లని డాబా మీద కూర్చోబెట్టి ఆ పాటలు నేర్పడం మొదలుపెట్టాను. నాకొచ్చినంత వరకు నేర్పాను, రానిచోట నా సొంతం కలిపాను. 'ఉప్పు మేసిన ఒళ్లు' ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. 'నెయ్యి రాసిన మీసం నీది' అని పెట్టేశాను.

"పిన్నిగారూ, తెప్పకి మీసం ఏంటండీ?" అంది పక్కింటి శ్రీవల్లి.

"మొగుడన్నాక మీసం ఉండదా? పాడవే," అన్నాను.

"తెప్పకి నెయ్యెందుకండీ?"

"నీకు సందేహాలెక్కువ," అన్నాను. ఆ మాట ఇంకొకరిని అనడం నా జీవితంలో అదొక్కసారే.

ప్రదర్శన రోజు కల్యాణ మండపం కిటకిటలాడింది. మా వీధివాళ్లం ఒకవైపు, నూకాలు తెచ్చిన పేటవాళ్లు ఒకవైపు. నూకాలు, నేను, సింహాద్రి మధ్యలో. దేవీప్రసాద్ హార్మోనియం ఒత్తాడో లేదో, మరబోటు వేషం వేసిన పిల్ల నోరు తెరిచేలోపే హాలు హాలంతా ఎత్తుకుంది. పేటవాళ్లు ఒళ్లంటున్నారు, మేం మీసమంటున్నాం. ఎవరికి వారు తమదే రైటని గొంతు పెంచారు. రెండో చరణానికి స్టేజీ మీద పిల్ల పాడటం మానేసి మమ్మల్ని చూస్తోంది.

నాటకం అయిపోయాక చప్పట్లు చూసి నేను పొంగిపోయాను. అభినందనలేవో అందుకుందామని నూకాల్ని కుర్చీలోనే వదిలేసి జడ్జీల గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల దువ్వాడ నుంచి వచ్చిన సంగీతం టీచరు సుధారాణి గారు మాట్లాడుతున్నారు.

"ఇది కొత్త నాటకమెలా అవుతుందండీ? హాల్లో సగం మందికి నోటికొచ్చు. పైగా ఒకే పాటకి రెండు పాఠాలున్నాయి. ఒకరు ఒళ్లంటారు, ఒకరు మీసమంటారు. ఇలా పాఠాలు చీలాయంటే ఎన్ని తరాలు పాడుకునుంటారో!"

నేను లోపలికి దూసుకెళ్లాను.

"అమ్మా, ఆ మీసం నేను పెట్టిందండీ! లైను గుర్తురాక!"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చూశారా? పాడేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు కలుపుకుంటున్నారు. జనం పాట పెరిగేది ఇలాగే."

"అది కాదండీ, పేటలో పసిపిల్లలు కూడా పాడతారండీ!" అన్నాను. అది సాయం చేస్తుందనుకున్నాను.

శివరామకృష్ణ గారు జాలిగా చూశారు. "ఆ రోజే చెప్పాను కదమ్మా, జనం నోళ్లలో ఉంటే పాతదేనని." అప్పుడు గుర్తొచ్చాడు వాళ్ల మేనమామ.

పునఃప్రదర్శన విభాగంలో బహుమతి ఖాయం, రచనకి లేదు. బయట నూకాలు తలలో పువ్వు సర్దుకుంటూ తన పేరు కోసం ఎదురుచూస్తోంది. నేను శివరామకృష్ణ గారి చేతులు పట్టుకున్నాను.

"బాబ్బాబు, బహుమతి ఇవ్వకపోతే మానె. మైకులో నూకాలు పేరు ఒక్కసారి చెప్పండి. అంతకన్నా ఏం వద్దు."

ఆయన మెత్తని మనిషి. "దానికేముందమ్మా, తప్పకుండా స్మరించుకుందాం," అన్నారు. స్మరించుకోవడమేంటని నాకు అప్పుడైనా అనుమానం రావాలి. నానా విషయాలూ కూపీ లాగే నేను, ఆ ఒక్కటీ అడగలేదు. నాటకం పాతదని తేలాక, రాసినావిడ కూడా ఆ కాలం మనిషే అయ్యుంటుందని ఆయన అనుకున్నారు. నూకాల్ని ఆయన చూసిందీ లేదు, నేను చూడనిచ్చిందీ లేదు.

నేను తిరిగొచ్చి నూకాలు పక్కన కూర్చున్నాక దేవీప్రసాద్ బృందం బహుమతి అందుకుంది. తర్వాత శివరామకృష్ణ గారు మైకు సర్దుకున్నారు.

"ఈ నాటకాన్ని మనకి అందించిన కీర్తిశేషురాలు నూకాలు గారి స్మృతికి నివాళిగా, అందరం లేచి కాసేపు మౌనం పాటిద్దాం."

హాలంతా లేచింది. నూకాలు కూడా లేచింది. ఆమెకి వినపడింది తన పేరొక్కటే.

"అక్కా," అని నా చెవిలో గుసగుసలాడింది, "ఎందుకు లెగిసినారు?"

"నీ కోసమే," అన్నాను. అబద్ధం కాదు.

ఆమె కళ్లు నిండాయి. కొంగు సర్దుకుని, తల వంచుకుని నిలబడ్డ జనానికి ఒకవైపు నుంచి మొదలుపెట్టి దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చింది. నేను నేలని చూస్తూ నిలబడ్డాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది లేదు.

పక్కనుంచి సింహాద్రి గొంతు. "ఓలమ్మో! ఇది సచ్చిపోయినోళ్లకి నిలబడే నిలబాటే!"

నూకాలు అతణ్ని చూసింది, నన్ను చూసింది. నా ముఖంలోనే జవాబుంది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి స్టేజీ ఎక్కింది. మైకు ముందు నిలబడింది.

"బాబూ, నాను సావనేదు. రేపు ఏలంలో సేపలు కొనాల, కవ్వళ్లు తేవాల."

హాలు ఘొల్లున నవ్వింది. శివరామకృష్ణ గారికి చెమటలు పట్టాయి. రెండు చేతులూ జోడించి, "క్షమించాలమ్మా, పొరపాటు జరిగింది," అన్నారు.

"పొరపాటుకేటి గానీ, ఇంకోపాలి సెప్పు బాబూ. బతికున్నట్టు సెప్పు."

ఆయన గొంతు సవరించుకున్నారు. "మరబోటు పెళ్లి. రచన, నూకాలు."

పేటవాళ్ల వరసలోంచి కృష్ణంరాజే ముందు ఈల వేశాడు. నూకాలు మైకు దగ్గర్నుంచి కదలలేదు. "ఇన్నావేటిరా? పెద్దలంట, పెద్దలు!" అంది. ఆ మాట కూడా మైకులోనే వినపడింది.

ఆటో కోసం నిలబడ్డప్పుడు నేను జరిగిందంతా చెప్పేశాను. మీసం సంగతి సహా. నూకాలు నన్ను ఎగాదిగా చూసింది.

"సముద్రం మీదైతే నిన్ను వలలోంచి ఇదిలించీసి నీళ్లలోకి ఒదిలీద్దుము అక్కా," అని ఆటో ఎక్కేసింది.

మాట్లాడటం మానేస్తుందేమో అనుకున్నాను. మర్నాడు కవ్వళ్లు తెచ్చింది, మైకులో చెప్పినట్టే.

ఇప్పుడు ఇంకో నాటకం కడుతోందట. ఈసారి రచన బహుమతి మీదే గురి. కట్టిన పాట ఇంట్లో కూడా పైకి పాడట్లేదట. సింహాద్రి చేత ఒట్టు వేయించుకుందట. ఇవన్నీ నాకెలా తెలిశాయని అడక్కండి.

"ఒక్క లైను చెప్పవే," అంటాను గుమ్మంలో కూర్చుని.

"కుదర్దు. నువ్వింటే పాతదైపోతాది."

నిజమే. కానీ నేను ఊరుకోగలనా? చేపలు కోసేటప్పుడు మనిషికి కూనిరాగం ఎప్పుడో ఒకప్పుడు జారక తప్పదు కదా. అందుకని రోజూ ఎక్కువ చేపలు తీసుకుంటున్నాను, సన్నగా కోయమంటున్నాను. మా ఆయన మూడు పూటలా చేపల పులుసు తింటూ, "ఏమైంది నీకు?" అంటున్నారు. నూకాలు పెదవులు బిగించి కోస్తూనే ఉంది.