పద్మనాభయ్య, ఇంకో ముగ్గురు

పద్మనాభయ్య చొక్కా మార్చకుండా పేరు మార్చడు. చిట్టమూరు మండలంలోని ఆ ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో ఆయన ఒక్కడే నలుగురు. సొంత పేరుతో మెసేజి పెట్టాలంటే తెల్ల చొక్కా తొడగాలి. మిలిటరీలో రిటైరైన కామాక్షయ్యగా రాయాలంటే ఖాకీ. ప్రతిదానికీ అడ్డం తగిలే పోలేరయ్యకి చిల్లుల బనీను. దొరవారిసత్రంలో ఉంటూ ఈ ఊళ్ళో రెండెకరాలు కౌలుకిచ్చిన ఆదిశేషమ్మ కావాలంటే తువ్వాలు తల మీద కొంగులా కప్పుకోవాలి. ఈ నలుగురికీ కలిపి రెండు ఫోన్లు, నాలుగు సిమ్ములు, ఒక్క పెళ్ళాం.

ఆ పెళ్ళాం చెంచమ్మ ఒకనాడు అడిగింది. "ఫోన్లో నీ గుడ్డలు ఎవురికి కనపడతాయయ్యా?"

"కనపడవు. అయినా ఒకే చొక్కా తొడుక్కోని నాలుగు పేర్లు చెప్పుకుంటే మోసం కాదా మే?"

చెంచమ్మ ఆ నలుగురి గుడ్డలూ ఉతకడానికి ఎత్తుకుపోయింది.

ఒక మధ్యాహ్నం ఖాకీ చొక్కాతోనే వచ్చి పీట మీద కూర్చున్నాడు. పులుసు నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గింది. ఈ ఇంట్లో క్రమశిక్షణ లేదు" అన్నాడు.

"ఎవురు మాట్లాడేది, నువ్వా, మిలిటరీ ఆయనా?"

ఆయన చొక్కా వైపు చూసుకున్నాడు. "కామాక్షయ్య."

"అయితే లెయ్యమను. ఊళ్ళోవోళ్ళకి వండలేదు. మా ఆయన వచ్చినాక పెడతా."

పద్మనాభయ్య లేచి వెళ్ళి, తెల్ల చొక్కాతో తిరిగి వచ్చి, ఉప్పు గురించి మాట్లాడకుండా తిన్నాడు.

ఇంకోసారి చెరువు తూము ఎత్తే విషయంలో గ్రూపులో కామాక్షయ్యా పోలేరయ్యా కలబడ్డారు. సర్ది చెప్పబోయిన పద్మనాభయ్యని పోలేరయ్య 'ముసలి గొడ్డు' అన్నాడు. ఆ మాట పట్టుకుని పద్మనాభయ్య రెండు రోజులు ముభావంగా తిరిగాడు.

"ఆ పోలేరయ్య నువ్వే గదా?" అంది చెంచమ్మ.

"నేనే. అయితే మాత్రం అంత మాట అంటాడా?"

మనిషికి నిజస్వరూపం ఒకటే ఉంటుందనీ, ఫోన్లు వచ్చి దాన్ని చెడగొట్టాయనీ ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఆ ఇంట్లో ఒక పూట ఉండి ఆ స్వరూపం ఏదో తేల్చి చెబితే చెంచమ్మ ఎంతో సంతోషించేది. తేలితే దానికొక్కదానికే వండిపెట్టేది.

ఇంతమందిగా ఇంతమందితో మాట్లాడే మనిషి పక్క పొలం ముత్యాలయ్యతో మాత్రం మాట్లాడడు. గట్టు తగాదాతో ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. పోయినేడు ముత్యాలయ్య భార్య చనిపోయినప్పుడు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, లోపల అడుగు పెట్టలేక తిరిగొచ్చాడు.

ఇలా ఉండగా ఎవడో దొంగ పేరుతో గ్రూపులో చేరి, పంటల బీమా అంటూ లింకు పంపి, ఇద్దరి ఫోన్లు పాడుచేశాడు. గ్రూపు నడిపే ఎరువుల కొట్టు మధుబాబు కట్టడి చేశాడు: మనిషికి ఒక పేరే. ఆదివారం పొద్దున అందరూ కొట్టు ముందుకొచ్చి మొహం చూపించాలి. రాని పేర్లు తీసేస్తారు.

"ఆ ముగ్గురినీ నువ్వే ముందు తీసెయ్. ఊళ్ళో నవ్వులపాలు కాకుండా ఉంటాం" అంది చెంచమ్మ.

"మిలిటరీ ఆయన్ని తీసేస్తా. పోలేరయ్య పోతే పీడా పోతాది. ఆదిశేషమ్మని మాత్రం తియ్యను."

"ఆమెలో ఏముందంట?"

ఆయన తువ్వాలు జాగ్రత్తగా మడిచి భుజాన వేసుకున్నాడు. చెంచమ్మకి ఒళ్ళు మండింది. తన మొగుడు ఇంకొక ఆడదాన్ని వదలలేకపోతున్నాడు. ఆ ఆడది తన మొగుడే. ఎవరి జుట్టు పట్టుకోవాలో ఆమెకి అర్థం కాలేదు.

ఆదివారం ఆమె కూడా వెంట వెళ్ళింది. మధుబాబు ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. "ఆదిశేషమ్మ, దొరవారిసత్రం" అన్నాడు. ఎవరూ కదల్లేదు. పద్మనాభయ్య భుజం మీది తువ్వాలు తల మీదికి లాక్కుని లేచి నిలబడ్డాడు.

జనం విరగబడి నవ్వారు. చెంచమ్మ తల దించుకుంది.

"ఏంది పెద్దాయనా ఇది? ఆమె పేరు తీసేస్తుండా" అంటూ మధుబాబు ఫోను ఎత్తాడు.

"ఆగబ్బయా." వెనక నుంచి ముత్యాలయ్య లేచాడు. "మా ఆడమనిషి పోయినప్పటి నుంచి పొద్దెక్కితే 'అన్నా, ఏం వండినావు' అని నాకు మెసేజి పెట్టేది ఆమే. ఆమె అడగతాదనే పొయ్యి ముట్టిస్తా ఉండా."

"ఆమె యాడుంది తాతా? ఈయనే గదా."

"తెలుసులేరా. చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడెయ్యాలమ్మా అంటే నాలుగు రోజులు ఆలోచించింది. అప్పుడే అనుకున్నా."

నవ్వులు ఆగిపోయాయి. మధుబాబు ఫోను వైపు, తువ్వాలు వైపు మార్చి మార్చి చూశాడు. "మనిషికి ఒక పేరేనని నేనే గదా చెప్పింది. ఇప్పుడు ఇద్దరిలో ఒకరు పోవాల."

"అయితే పద్మనాభయ్యని తీసెయ్" అన్నాడు ముత్యాలయ్య. "మాకూ ఆయనకీ ఎట్టాగూ మాటల్లేవు."

ఎవరూ కాదనలేదు. పద్మనాభయ్య కూడా కాదనలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు ముత్యాలయ్య నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు గానీ, ఆగి ఫోన్లో ఏదో నొక్కాడు. పద్మనాభయ్య జేబులో ఫోను మోగింది. చెంచమ్మ తొంగి చూసి చదివింది: 'చెల్లే, ఆ పద్మనాభయ్యకి చెప్పు. ఆయన పైమడికి గండి పడింది, నీళ్ళన్నీ పోతా ఉండాయి.'

పద్మనాభయ్య తువ్వాలు తల మీద సర్దుకుని, 'చెప్తాలే అన్నా' అని జవాబు పెట్టాడు. తర్వాత తువ్వాలు తీసి చెంచమ్మ చేతిలో పెట్టి, ముత్యాలయ్యని దాటుకుంటూ, పలకరించకుండానే, పొలం వైపు పరుగెత్తాడు.