మాస్టారు తీసిన పది పేజీలు

మామిడి కోతలు మొదలైతే మా ప్యాక్‌హౌస్‌లో సొన వాసన తప్ప ఇంకే వాసనా ఉండదు. తొడిమలు కోసిన బంగినపల్లి కాయలను బోర్లించి సొన కార్చుతుంటారు. ఆ ఘాటు నేను కూర్చునే అద్దాల గదిలోకి కూడా వచ్చేస్తుంది. మొన్న ఆ వాసనలోనే, ఆఫీసులో కొత్తగా చేరిన దివ్య తన ఫోను నా ముందు పెట్టింది. "మేడం, మనకి ఇంగ్లీషు మాటలు ఎన్ని వచ్చో ఇది చెప్పేస్తుందండీ. తెలిసినవాటి మీద నొక్కుకుంటూ పోవడమే." నొక్కుకుంటూ పోయాను. ఇరవై ఒక్క వేలు అని వచ్చింది. దివ్య నోరు వెళ్ళబెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఈ పరీక్ష నాకు కొత్త కాదు. పదో తరగతిలో వెంకటరత్నం మాస్టారు పెట్టారు. అప్పుడు నాకు వచ్చిన అంకె మూడు వేల వంద. ఆ అంకెను పాతికేళ్ళు మోశాను.

మాస్టారు నూజివీడులో మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వాళ్ళ నాన్నగారు రెడ్డిగూడెంలో ఒక ఆసామి తోటను ఏటా గుత్తకు తీసుకునేవారు. కాయ చెట్టు మీద ఉండగానే ఎంత కాపు దిగుతుందో అంచనా కట్టి, తోట మొత్తం మాట్లాడుకుని, తర్వాత కోసి అమ్ముకోవడం ఆయన పని. మా అమ్మ ఆ తోటలోనే కాయలు ఏరేది. ఆదివారం చర్చి అయ్యాక అమ్మకు అన్నం క్యారేజీ తీసుకెళితే, మాస్టారు చెట్ల కింద తల పైకెత్తి వేళ్ళు మడుస్తూ కనిపించేవారు.

"ఇన్ని కాయలు ఎట్లా లెక్కపెడతారు మాస్టారూ?" అని ఒకసారి అడిగాను.

"అన్నీ ఎవడు లెక్కపెడతాడే సలోమీ? ఒక కొమ్మ లెక్కపెట్టు, కొమ్మలతో హెచ్చవెయ్యి, చెట్టు లెక్క వచ్చేస్తుంది. కాకపోతే తూర్పు కొమ్మ ఒకటి, పడమర కొమ్మ ఒకటి చూడాలి. ఒక్క వైపే చూసి చెప్పేవాడు గుడ్డోడన్నా అవ్వాలి, దొంగన్నా అవ్వాలి."

ఆయన నాకు చేసిన మేలు కూడా చెప్పాలి, లేకపోతే పాపం నాకే తగులుతుంది. కాయలు చుట్టే కాగితాల వెనక వారానికి పాతిక ఇంగ్లీషు మాటలు రాసి ఇచ్చేవారు. క్లాసులో అరవై మంది ఉంటే నాకు ఒక్కదానికే. మొదటి కాగితం మీద రాసినవి 'అన్'తో మొదలయ్యే మాటలు. అన్‌హ్యాపీ, అన్‌కైండ్, అన్‌నోన్. "ఇది ఒక్కటి పట్టుకో, నలభై తలుపులకి ఒకటే తాళంచెవి" అన్నారు. ఆ కాగితాన్ని జడ వేసుకుంటూ కూడా చదివాను. మా ఇంట్లో ఇంగ్లీషు మాట పలికిన మొదటి మనిషిని నేనే. అమ్మకు అర్థం కాకపోయినా, పక్కింటివాళ్ళకు వినపడేలా గట్టిగా చదవమనేది.

పదో తరగతి చివర్లో విజయవాడలో ఒక కాలేజీ మా స్కూలుకు ఒక ఉచిత సీటు ఇచ్చింది. హాస్టలుతో సహా రెండేళ్ళ ఇంటర్. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లను మాస్టారే ఎంచి పంపాలి. పోటీలో మిగిలింది ఇద్దరం, నేనూ లావణ్యా. ఆ రెడ్డిగూడెం తోట ఆసామి కూతురే లావణ్య. వాళ్ళు తలుచుకుంటే సీటు కొనుక్కోగలరు. కానీ ఊళ్ళో చెప్పుకోవడానికి ఇదే కావాలి. నాకైతే అది తప్పితే మిగిలేది అమ్మ పక్కన కూర్చుని కాయలు ఏరడమే.

పరీక్ష మాస్టారే కనిపెట్టారు. వెయ్యి పేజీల డిక్షనరీలో పది పేజీలు తీస్తారు. తెలిసిన మాటకల్లా టిక్కు పెట్టాలి, అర్థం అడిగితే చెప్పాలి. మొత్తాన్ని వందతో హెచ్చవేస్తే మనకు వచ్చిన మాటల సంఖ్య. ఒక్కొక్కరినే స్టాఫ్‌రూమ్‌లోకి పిలిచారు. ఎరుపు నీలం పెన్సిల్‌లో లావణ్యకు ఎరుపు కొస, నాకు నీలం కొస. "ఏ పేజీ వస్తే ఆ పేజీ" అంటూ పుస్తకంలోకి స్కేలు దూర్చి తెరిచారు. నేను చూస్తే రోగాల పేర్లు, రాళ్ళ పేర్లు, నోరు తిరగని మాటలు. ముప్ఫై ఒక్క టిక్కులు పెట్టేసరికి చెమటలు పట్టాయి. లావణ్యకు డెబ్భై నాలుగు వచ్చాయి.

"ఇంకో పేజీ తియ్యండి మాస్టారూ" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. "లెక్క లెక్కేనమ్మా" అన్నారు.

ఎప్పుడూ 'ఏమే' అని పిలిచే మనిషి ఆ రోజు 'అమ్మా' అన్నారు. నాకప్పుడు పట్టలేదు. లావణ్య విజయవాడ వెళ్ళింది. నేను అమ్మ పక్కన కూర్చుని, సొన పడి చేతులు పొక్కిపోతుంటే, మూడు వేల వంద మాటల దాన్ని ఇంతకంటే ఏం ఆశిస్తానులే అనుకున్నాను. ఆ కసితోనే మాటలు నేర్చాను. డిగ్రీ ప్రైవేటుగా కట్టాను. ఏరే బల్ల దగ్గర నుంచి ఈ అద్దాల గదికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇప్పటికీ ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే మూడుసార్లు చూసుకోనిదే పంపను.

కిందటి వేసవిలో మాస్టారు పోయారు. పదకొండో రోజు దాటాక వాళ్ళావిడ కబురు చేసి, ఆ డిక్షనరీ నా చేతిలో పెట్టారు. "నీకే ఇమ్మన్నారు సలోమీ. పోయేముందు రెండుసార్లు చెప్పారు."

అక్కడే అరుగు మీద తెరిచాను. ఎర్ర టిక్కుల పేజీలు పది, నీలం టిక్కుల పేజీలు పది. ఆ ఇరవై పేజీలకూ పైమూల సన్నగా మడత ఉంది. స్కేలు ఎక్కడ దిగాలో ముందే మడిచి పెట్టుకున్నారన్నమాట. ఎర్ర పేజీల్లో మూడు వరసగా 'అన్' పేజీలు. నా మొదటి కాగితం. మిగతావీ నా కాగితాల మీదివే, వారం వారం నాకు రాసిచ్చినవే. నీలం పేజీల్లో మాత్రం ఆయన నాకు నేర్పిన మాట ఒక్కటీ లేదు. నాకు ఏం వచ్చో, ఏం రాదో అంత కచ్చితంగా ఈ లోకంలో ఆయన ఒక్కరికే తెలుసు. నేర్పింది ఆయనే గనక.

"ఏంటండీ అమ్మగారూ ఇది?" అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఆ ఏడు తోట వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని ఆసామి దగ్గర్నుంచి కబురొచ్చిందమ్మా. తోట పోతే మా మావగారు మంచం పట్టేస్తారని ఈయన భయం. ఆ తరవాత ఏ పిల్లకీ ఆ పరీక్ష పెట్టలేదు."

పెట్టకపోతే నాకేం ఒరిగింది? నా పరీక్ష అయిపోయింది కదా. పుస్తకం ఇచ్చి చేతులు కడుక్కున్నారు గానీ, బతికుండగా నాలుగు వీధుల అవతల ఉన్న నాతో ఒక్క మాట చెప్పలేకపోయారు. దారంతా ఆయన్ని తిట్టుకుంటూ నడిచాను. ఇరవై ఒక్క వేల ఇంగ్లీషు మాటల్లో ఒక్కటీ అందుకు పనికి రాలేదు, తెలుగులోనే తిట్టాను. ఇంటికి వచ్చి ఆ ఎర్ర పేజీల మీద నేనూ పరీక్ష రాయబోయాను. ప్రతి మాటా తెలుసు. పదిహేనేళ్ళప్పుడు వీటిలో ఎన్ని వచ్చేవో చెప్పగలిగిన పిల్ల ఇప్పుడు లేదు. పెన్సిల్ కింద పెట్టేశాను.

ఇప్పుడు ఏ ట్రే వచ్చినా పై వరస ఒక్కటే చూసి కాయ బాగుందని సంతకం పెట్టను. అడుగు నుంచి రెండు కాయలు, మధ్యలోంచి రెండు తీయిస్తాను. ఏరే ఆడవాళ్ళు విసుక్కుంటారు. నిన్న దివ్య కూడా నవ్వింది. "ఇదేం చాదస్తం మేడం, ఎవరు నేర్పారండీ మీకు?"

"మా మాస్టారు" అన్నాను.