నాలుగు గంటలకు సరిపడే నవల

నవలలు చదివే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఎవరైనా లావుపాటి కథల పుస్తకం పట్టుకుని కూర్చుంటే, వీళ్లకు ఇంట్లో పనీపాటా లేదా అనుకునేదాన్ని. అలాంటి నేను ఈ ఎండాకాలం సెలవులన్నీ నవలల కోసం పిచ్చిపట్టినట్టు మూడు ఊర్లు తిరిగాను. మా అమ్మ బతకాలంటే నాకు నవలలు కావాలి. ఇలా రాస్తే నవ్వులాటగా ఉంటుందేమో గానీ, అప్పుడు నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

అమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు హిందూపురం తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా మిషనులోకి తీసి, కడిగి, మళ్లీ లోపలికి పంపిస్తారు. అంతసేపూ, నాలుగు గంటలు, ఆ చెయ్యి కదలకూడదు. మా అమ్మ జన్మలో నాలుగు గంటలు ఒకచోట ఉన్న మనిషి కాదు. ధర్మవరంలో ఉన్న రోజుల్లో నాయన మగ్గం దగ్గర కూర్చుంటే, ఈమె ఒక చేత్తో కండెలు చుడుతూ, ఇంకో చేత్తో పొయ్యి మీద చారు చూస్తూ, నోటితో వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ ఉండేది. అలాంటి మనిషిని మంచం మీద పడేస్తే ఊరుకుంటుందా! గంట కాగానే సూది పీకెయ్యమని గొడవ. మూడోవారానికి అసలు రానే రానని కూర్చుంది.

"నన్ను గొడ్డును కట్టేసినట్టు కట్టేస్తాండారే. నేను రాను పో. సచ్చేదేందో ఇంట్లోనే సస్తా."

"ఒక్కసారి కూడా మానకూడదు, అందులోనూ ఎండాకాలం" అని డాక్టరు ముందే చెప్పాడు. దాహానికి తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయట. నేను బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. ఆమె మొండితనం ముందు నా మొండితనం ఏపాటిది?

దారి చూపించింది ఒక చినిగిపోయిన నవల. ఎవరో ఆస్పత్రిలో కుర్చీ మీద మర్చిపోయారు. ఎలాగో బస్సెక్కించి తెచ్చిన ఆ రోజు అమ్మ గొడవ భరించలేక, విసుగుతో, అది తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పది పేజీలు కాగానే తల తిప్పి చూస్తే అమ్మ కన్నార్పకుండా నా నోటి వంకే చూస్తోంది. నేను ఆగితే "ఊ" అంది. చిన్నప్పుడు అవ్వ కథ చెప్పేటప్పుడు మేమందరం కొట్టిన ఊ అది. సిస్టరమ్మ వచ్చి టైమయిందని సూది తీసేదాకా అమ్మ ఒక్కసారి కూడా గడియారం అడగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఊ వల్ల ఇంకో ఉపకారం కూడా జరిగింది. మిషను మీద ఉన్నప్పుడు ఒక్కోసారి బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది. ఊ అనడం మందగించిందంటే నేను చదవడం ఆపి సిస్టరమ్మను కేకేసేదాన్ని.

ఫోన్లో కథలు చెప్పేవి బోలెడున్నాయి కదా అని తోటి టీచర్లు సలహా ఇచ్చారు. అదీ చూశాను. అమ్మ చెవిలో పెట్టినవి లాగి పారేసింది. "ఎవుడో చెవులో గూసినట్టు చెప్తాండాడు. నేను ఊ అన్యా, లేకున్యా వానికి తెలుస్తాదా?" అంది. నిజమే కదా, వాడికేం తెలుస్తుంది!

సరే, నవలే చదువుదాం. కానీ ఏ నవల? బడిలో తెలుగు టీచరును అడిగితే మంచి పేరున్నదని ఒకటి ఇచ్చింది. గొప్పదే అయ్యుండొచ్చు, నాకు తెలియదు. మొదట్లోనే సూర్యుడు అస్తమించడానికి మూడు పేజీలు పట్టింది. అమ్మ "పొద్దు ఎప్పుడో మునిగిపాయ, ముందుకు పో" అంది. ముందుకు పోతే ఒకాయన కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాడు. ఇంకా ముందుకు పోయినా ఆయన అక్కడే ఉన్నాడు. అమ్మ సూది వైపు చూసింది. ఆ రోజు రెండు గంటలు కాగానే మిషను మీంచి దింపెయ్యాల్సి వచ్చింది. ఆ రాసినాయన ఎదురుగా ఉంటే చేతులు పట్టుకుని అడిగేదాన్ని, స్వామీ, ఆ మనిషిని కిటికీ దగ్గర్నుంచి కదిలించవయ్యా అని.

హిందూపురంలో ఒకప్పుడు అద్దెకు నవలలిచ్చే షాపు ఉండేదని విన్నాను. బజారంతా తిరిగి వెతికితే ఆ చోట సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కుర్రవాడు "నవలలా? అవి మా తాతకాలంలోనే ఎత్తేసినారక్కా" అన్నాడు. పెనుకొండ గ్రంథాలయానికి పోయాను. బెంచీల నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. నవలల బీరువా తెరిచి చాలా రోజులయిందేమో, తలుపు లాగితే దుమ్ము మొహాన కొట్టింది. లావుగా ఉన్నవి ఏరుకుని తెచ్చాను. ఒకదానికి ఆఖరి పేజీలు చెదలు తినేశాయి. ఒకటి అమ్మ ఎప్పుడో చదివేసిందట, నాలుగో పేజీలోనే కథంతా నాకు చెప్పేసింది. మిగిలినవి రెండు వారాలు లాక్కొచ్చాయి. ఆ తరవాత ఒక శుక్రవారం నా చేతిలో ఏమీ లేదు. పాత వారపత్రిక ఒకటి సంచిలో పెట్టుకుని, ఉందమ్మా, మంచిది ఉంది అన్నాను. ఆమె సంచి గుంజుకుని చూసింది. చూసి పడుకుంది. ఆ రోజు బస్సెక్కలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నానికి అమ్మ కాళ్లు పొంగిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చుంటే తల నిలవదు. ఆటోలో హిందూపురం పోతుంటే దారి పొడుగునా నా భుజం పట్టుకుని చేపలా నోరు తెరుస్తోంది. నేను దేవుళ్లందరినీ తిట్టాను, అమ్మను తిట్టాను. ఎమర్జెన్సీలో మిషను పెట్టి గండం గట్టెక్కించారు. ఇంకోసారి ఇట్లా చేస్తే మా చేతుల్లో ఉండదమ్మా అన్నారు.

ఇంటికొచ్చాక అటక మీద ధర్మవరం నుంచి తెచ్చిన మూటలన్నీ విప్పాను. నాయన పోయాక ఇల్లు ఖాళీ చేసినప్పుడు కట్టినవి, అలాగే ఉన్నాయి. ఒక మూటలో, నాయన పంచెల కింద, ఎర్ర గుడ్డ అట్టతో ఒక బైండు పుస్తకం దొరికింది. ఆ కాలంలో ఆడవాళ్లు వారపత్రికల్లో వచ్చే సీరియల్ కాగితాలు వారం వారం కత్తిరించి దాచి, అయిపోయాక బైండు చేయించుకునేవాళ్లు. అమ్మకు చూపిస్తే పాలిపోయిన ముఖంలో కాస్త వెలుగు కనబడింది.

"ఇది టీచరమ్మ కత కదే! ఎంత బాగుంటాదో. అంత్యమేందో గుర్తు ల్యా."

గుర్తు లేదు! అంతకన్నా ఇంకేం కావాలి నాకు.

టీచరమ్మ ఒక కొత్త ఊర్లో ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. ఆ ఇంట్లో ఒక గదికి ఎప్పుడూ తాళం. పొద్దున్నే చూస్తే ఆ గది గడప ముందర తడి అడుగులు. ఇంటి ఓనరును అడిగితే నీకెందుకంటాడు. ఒక్కో వారం భాగం చివర, గుండె దడదడలాడుతుండగా, సశేషం. నాకే ఊపిరి ఆడలేదంటే నమ్మండి. పక్క మంచం మీద రొద్దం వైపు నుంచి వచ్చే ఒక రైతు పడుకునేవాడు. అన్ని రోజులూ గోడవైపు తిరిగి పడుకునే మనిషి, మెల్లగా మా వైపు తిరిగాడు. "రవంత గట్టిగా చదువు తల్లీ" అన్నాడు ఒకరోజు. ఆ తరవాత మేము వార్డులోకి రావడమే ఆలస్యం, "ఏమక్కా, ఈపొద్దన్నా బీగం తీస్తాదా ఆయమ్మ?" అని అమ్మను అడిగేవాడు. "తీస్తాది లేప్పా, యాడికి పోతాది" అనేది అమ్మ. ఇద్దరూ ఊ కొట్టేవాళ్లు.

టీచరమ్మ దొంగచాటుగా తాళంచెవి సంపాదించింది. ఇల్లంతా నిద్రపోయాక గది ముందు నిలబడింది. చెవి తాళంలో పెట్టి తిప్పింది. నేను పేజీ తిప్పాను. ఊటీలో ఒక డాక్టరు గులాబీ తోటలో కారు దిగుతున్నాడు.

"ఈ డాక్టరు యాడినుంచి వచ్చె?" అంది అమ్మ.

ముందుకు తిప్పాను, ఇంకా ముందుకు తిప్పాను. ఆఖరి దాకా డాక్టరే. టీచరమ్మ లేదు, గది లేదు. అమ్మ లేచి కూర్చోబోయింది, మిషను కూత పెట్టింది, సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి మా ఇద్దరినీ కలిపి తిట్టింది. పక్క మంచం ఆయన "అయ్యో, బీగం తీసి ఇదేం అన్యాయమమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ నిదానంగా అసలు సంగతి చెప్పింది. ధర్మవరంలో తను, ఎదురింటామె కలిసి ఒకే వారపత్రిక కొనేవాళ్లట. టీచరమ్మ సీరియల్ కాగితాలు అమ్మవి, డాక్టరు సీరియల్ ఆమెవి. రెండూ అయిపోయాక, రెండు కట్టలకూ మగ్గంలో మిగిలిన ఒకే రంగు పట్టు పోగులు చుట్టి, ఒకే సంచిలో వేసి బైండింగు ఆయనకు పంపారు. ఆయన సగం అటు, సగం ఇటు కలిపేశాడు.

"మరి ఇన్నేండ్లూ చూసుకోలేదా అమ్మా?"

"చదివిందే కదా అని ఎత్తిపెడితి. బైండు చేపిచ్చింది దాసుకునేదానికే గానీ చదివేదానికా?"

ఏం చెప్పాలి ఈ ఆడవాళ్లకు! మరుసటి ఉదయం ధర్మవరం బస్సెక్కాను. ఎండ నడినెత్తిన పడుతుంటే ఆ వీధి వెతుక్కుంటూ పోయాను. ఒకప్పుడు ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వినపడేది, ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి. ఎదురింటామె గుమ్మంలోనే ఉంది.

"ఎవురమ్మా నువ్వు?"

"మీ ఎదురింట్లో ఉండేవాళ్ల పాపను పెద్దమ్మా."

"అయ్యో, నువ్వా! మీయమ్మ బాగుండాదా?"

ఆ ఒక్క మాటతో కట్టలన్నీ తెగిపోయాయి. గుమ్మంలోనే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే పుస్తకం సంగతి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టి, తల అడ్డంగా ఊపింది.

"పాతవన్నీ ఇల్లు కట్టేటప్పుడు పారేస్తిమి కదమ్మా."

అప్పుడు వంటింట్లోంచి ఆమె కోడలు వచ్చింది. "అత్తా, ఫ్రిజ్జి కాలు కింద పెట్టింది అదే కదా, ఎర్ర అట్ట బుక్కు?" అంది. ముగ్గురం కలిసి ఫ్రిజ్జి ఎత్తాం. అట్ట మీద తుప్పు మరక గుండ్రంగా అంటుకుని ఉంది. తెరిచి వెనక సగం చూశాను. టీచరమ్మ తలుపు తోస్తోంది. అక్కడే నేల మీద కూర్చుని ఆ కాగితాలను కళ్లకద్దుకున్నాను.

"తీసకపో తల్లీ" అంది ఆమె. "నేనూ ఇన్నేండ్లు తెరిసి చూసింది ల్యా."

పుస్తకమైతే దొరికింది, కానీ భయం వదల్లేదు. ఇది అయిపోతే? లెక్కల టీచరును కదా, పేజీలు లెక్కపెట్టి, రోజుకింత అని పంచుకున్నాను. నాలుగు గంటలకు సాగదీసేలా మెల్లగా చదివాను, చదివిన వాక్యమే మళ్లీ చదివాను, మంచి బిగువు మీద ఆపాను. తలుపు తోసిన టీచరమ్మ రెండు వారాలైనా గదిలో దీపం వెలిగించలేదు. అమ్మ ఒకరోజు బస్సులో నా వంక చూడకుండానే అంది.

"నాకు తెల్దనుకుంటాండావా? యాడ ఆపితే నేను మళ్లా వస్తానో చూసి ఆడ ఆపుతాండావు."

"వస్తాండావు కదా మరి."

"వస్తాండా."

ఒక బుధవారం మేము పోయేసరికి పక్క మంచం మీద ఎవరో చిన్న వయసు ఆవిడ పడుకుని ఉంది. అమ్మ రొద్దం ఆయన ఏడని అడిగింది. సిస్టరమ్మ సూది సరిచేస్తూ, "నిన్న ఇంట్లోనే పోయినాడంటమ్మా" అంది. నేను పుస్తకం తెరిచాను.

"ఆ గదిలో ఏముండాదో తెలీకుండానే పాయ ఆయప్ప" అంది అమ్మ. నా చేతిలో పుస్తకం చూసి, "ఈపొద్దు ఆఖరు దాకా చదువు. యాడా ఆపొద్దు" అంది.

మిగిలిన కాగితాలే ఆమెను ఇక్కడికి లాక్కొస్తున్నాయి. అవి అయిపోతే ఏం చూపించి బస్సెక్కించాలి? ఇంకా చాలా ఉందమ్మా అన్నాను. గొంతు పట్టేసింది అన్నాను.

"నీ గొంతు నాకు తెల్దా? నాకు మజ్జలో పోయేది ఇష్టం ల్యా. చదువు."

చదివాను. గదిలో దీపం వెలిగింది. లోపల ఇంటి ఓనరు అన్న. ఆస్తి కోసం పిచ్చివాడని పేరుపెట్టి దాచారట, నిజానికి ఆయనకు పిచ్చే లేదు. పోలీసులొచ్చారు. టీచరమ్మకూ ఆయనకూ పెళ్లయింది. శుభం. పుస్తకం మూశాను. అమ్మ ముఖం చూసే ధైర్యం లేక మిషను వంక చూస్తూ కూర్చున్నాను.

"ఇంతేనా?" అంది అమ్మ.

"ఇంతేనమ్మా."

"థూ. దీనికోసరమా ఆయప్ప అంత ఎదురుసూసింది."

టైమయింది. సిస్టరమ్మ సూదులు తీసి దూది పెట్టింది. నేను దాన్ని అదిమి పట్టుకున్నాను. అమ్మ ఇక రాను అంటుందని ఎదురుచూస్తున్నాను.

"శుక్రవారానికి ఏం తెస్తాండావు?"

నా దగ్గర ఏమీ లేదు. మూడు ఊర్లలో నేను తట్టని తలుపు లేదు. "ఉండాదిమ్మా ఒకటి, ఇంట్లో ఉండాది" అన్నాను, కళ్లనీళ్లు ఆమెకు కనబడకుండా తల వంచుకుని.

"పెద్దది చూసి తే. ఇట్ల తొందరగా అయిపోయేది వద్దు."