బోర్డుకి రాసిన పసుపు

మా ఇంట్లో కొత్త మోటారుకైనా కొడవలికైనా పసుపు రాసి బొట్టు పెట్టకుండా వాడరు. మనవరాలు ఇంజనీరింగు ఆఖరి పరీక్షకి సర్క్యూట్ బోర్డు చేసుకుంటే, ఆమెకి చెప్పకుండా దానికీ అదే చేశాను. గదిలోని వేడిని అంకెలుగా మార్చి చూపించే బోర్డు అది. దాని మీద వెండి బిళ్లలాంటిది మెరుస్తుంటే అదే ముఖ్యమనుకొని, తడి పసుపు అక్కడే దట్టంగా అద్దాను.

పొద్దున్న ఆమె స్విచ్చి వేస్తే అంకెలు రాలేదు.

"మామ్మా, ఇదేటి ఇలాగ పచ్చగున్నాది?"

"పసుపే. మంచి జరుగుతాదని రాసినాను."

"అది క్రిస్టలు. గడియారంలాగ అది కొట్టుకుంటేనే చిప్పు లెక్కెడతాది. దాని కాళ్ల మధ్యన తడి కూరీసినావు."

తిట్టలేదు. స్పిరిటుతో తోమి ఫ్యానుకింద పెట్టింది. అయినా అంకెలు రాలేదు. పరీక్షకి విజయనగరం కాలేజీకి వెళ్లే బస్సుకి వేళవుతుండగా లెక్చరరుకి ఫోను చేసింది.

"నా చేతి తడి తగిలి పాడైంది సార్. తప్పు నాదే."

ముసలితనంలో నా చేత అక్షరాలు దిద్దించిన పిల్ల ఆమె. ఫోను పెట్టేశాక ఆమె దగ్గరికి వెళ్లాను.

"మళ్లీ ఫోను సెయ్యే. నేనే సెప్తాను."

"ఏటి సెప్తావు మామ్మా? పసుపంటే కాలేజీ అంతా నిన్ను సూసి నవ్వుతారు."

నవ్వితే నవ్వనీ, ఫోను ఇలాగియ్యి అనాలి. అనలేదు. పాడైన బోర్డుని తువ్వాలులో చుట్టి నేనే ఆమె సంచిలో పెట్టాను.