వేలి కింద మాట

మా ఇంగ్లీషు మాస్టారు మొన్న బుధవారం బందరు ఆస్పత్రిలో పోయారు. ప్రభువునందు నిద్రించారని చల్లపల్లి చర్చిలో చెప్పారు. గుడివాడ నుంచి బందరుకి బస్సుల్లో తిరిగీ తిరిగీ నా ఒళ్లు హూనమైంది. ఇక తిరగక్కర్లేదు. ఈ తీరిక ఎవరికి కావాలి?

ఆయన క్లాసులో డిక్షనరీ తీస్తే ఊరుకునేవారు కాదు. పాఠంలో కొత్త క్రియ రాగానే దాన్ని బొటనవేలితో మూసేసేవారు. మిగతా వాక్యం చదివి, వేలి కింద ఏముండాలో మేం చెప్పాలి. సరిగ్గా చెప్తేనే వేలు తీసేవారు.

ఓసారి నన్ను లేపారు. పాఠంలో జాలరి ఒడ్డున కూర్చుని చిరిగిన వలని ఏదో చేస్తున్నాడు. ఆ మాట 'మెండ్'. ఏం తోచక "అమ్ముతున్నాడండీ" అన్నాను.

"చిరిగిన వల ఎవడు కొంటాడ్రా, మీ మావయ్యా?" క్లాసంతా గొల్లుమంది. "మీ నాన్న వేట నుంచొచ్చి ఏం చేస్తాడు?"

"చిరుగులు అల్లుకుంటాడండీ."

"మరి! తెలీని మాటకి అటూ ఇటూ తెలిసిన మాటలే ఉంటాయి. వాటినడగరా అబ్బాయ్."

వేలు తీశారు. మా నాన్న చేసే పని ఇంగ్లీషు పుస్తకంలో కూడా ఉంటుందని నాకు ఆవేళే తెలిసింది. ఇవాళ నేను గుడివాడలో ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

మాస్టారి భార్యని మేం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ చదువుకోలేదు. సాయంత్రం వరండాలో ట్యూషన్ జరుగుతుంటే గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతూ వినేవారు.

ఆయన పోయే ముందురోజు, మంగళవారం, ఆస్పత్రిలో ఆయన మంచం దగ్గరికి డాక్టరుగారు వచ్చారు. ఆవిడకి అర్థం కాకూడదనేమో, నాతో ఇంగ్లీషులోనే మాట్లాడి, "డిటీరియరేట్ అవుతున్నారు" అని వెళ్లిపోయారు. అమ్మగారు నా మొహంలోకి చూశారు.

"నెమ్మదిస్తోందంటున్నారండీ" అన్నాను.

"ఊరుకో బాబూ. రోజూ నిలబడి మాట్లాడే డాక్టరుగారు ఇవాళ కూర్చుని చెప్పారు. కొత్త మందులేవీ రాయలేదు. పొద్దున నాతోనేమో మా అమ్మాయిని రమ్మని కబురు పెట్టమన్నారు. ఇన్నింటి మధ్య ఆ మాటకి ఇంకో అర్థం ఏముంటుందిలే?"

కరెక్టేనండీ అని ఎలా అనను? తల దించుకున్నాను. ఏడుపొచ్చేసింది.

జవాబు సరిగ్గా చెప్తే మాస్టారు వేలు తీసేవారు కదా. అమ్మగారు మంచం మీది ఆయన చేతిని ఒళ్లోకి తీసుకుని, ఆ బొటనవేలిని గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. ఎంతసేపటికీ వదల్లేదు.