విశ్వాసానికి నేను వేసిన టైంటేబుల్

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి అభిప్రాయం ఉండేది: కష్టపడితే రానిదంటూ ఈ లోకంలో లేదని. ఎక్కాలు రాకపోతే వందసార్లు రాశాను, వచ్చాయి. సైకిలు రాకపోతే మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయేదాకా తొక్కాను, వచ్చింది. (అట్లు మాత్రం ఇప్పటికీ గుండ్రంగా రావు. అది పెనం లోపమని నా అనుమానం.) అలాంటి మనిషిని, ఇరవై రెండేళ్ళ వయసులో, దేవుడి మీద విశ్వాసం కూడా ఆ కోవలోదే అనుకున్నానంటే ఆశ్చర్యం ఏముంది? పొద్దున్నే లేచి, నడుం బిగించి, విసుగు లేకుండా సాధన చేస్తే అదీ వచ్చి తీరుతుందనుకున్నాను. ఏం వచ్చిందో చెబుతాను, నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుకుంటున్నాను కాబట్టి ఇబ్బంది లేదు.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. టీచరు ట్రైనింగు కాగానే నన్ను అరకు పైన, జీపు దిగి గంటన్నర నడిస్తే గాని చేరని ఒక కొండ ఊళ్ళో బడికి వేశారు. పాతిక ముప్పై ఇళ్ళు, రేకుల కప్పు వేసిన చిన్న చర్చి, చుట్టూ కాఫీ తోటలు. లోపల గడియ పడే స్నానాలగది ఆ ఊరు మొత్తానికి పాస్టరుగారింట్లోనే ఉండటంతో నేను అక్కడే దిగాను. (మా అమ్మ మాత్రం భక్తి కొద్దీ దిగానని బంధువులందరికీ చెప్పుకుంది.) ఆయన్ని ఊరంతా అయ్యగారు అనేవారు. ఆదివారం ప్రసంగం, మిగతా ఆరు రోజులూ కాఫీ తోట. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి. పొట్టిగా, సన్నగా ఉండేవారు, మాట పక్కవాడికి కూడా సరిగ్గా వినపడేది కాదు. ఆ లోటును ఆయన భార్య, ఊరందరికీ అమ్మగారు, వడ్డీతో సహా తీర్చేసేవారు. ఆవిడ పెరట్లో నిలబడి కోడిని పిలిస్తే అవతలి కొండ మీది కోళ్ళు కూడా బయల్దేరేవి.

తాతగారి కాలం నుంచీ మేం క్రైస్తవులమే అయినా నేను ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. పదహారో ఏట ఒకసారి, పద్దెనిమిదో ఏట ఒకసారి, ట్రైనింగులో ఉండగా ఒకసారి వాయిదా వేశాను. దేవుడంటే ఇష్టం లేక కాదు. సిలబస్ పూర్తి కాకుండా పరీక్షకు కూర్చోకూడదని నా పట్టుదల. విశ్వాసం నిండుగా వచ్చాక నీళ్ళలో దిగుదామని చూస్తూ ఉన్నాను, అది నిండటం లేదు. ప్రార్థన చేస్తుంటే మధ్యలో మర్నాటి పాఠం గుర్తొచ్చేది, పాట పాడుతుంటే పక్కావిడ చీర అంచు మీదికి చూపు పోయేది. ఇదేం విశ్వాసం? ఊళ్ళో ఫోను సిగ్నలు అందే చోటు చర్చి వెనకాల ఉన్న ఒకే ఒక్క బండ. సాయంత్రం ఆ బండెక్కి మా అమ్మతో మాట్లాడేదాన్ని. "మీ పిన్ని కూతురు నీకన్నా మూడేళ్ళు సిన్నది. దానికి అయిపోనాది. నీకెప్పుడే?" అని మా అమ్మ అరిచేది. తమ వంతు కోసం పక్కనే నిలబడ్డ ఆడవాళ్ళు అది విని, "పెళ్ళికి తొందర పెడతన్నారేటి టీచరమ్మా?" అని జాలిపడేవారు. కాదు, బాప్తిస్మానికి అని చెబితే ఇంకా జాలిపడేవారు.

అలాంటి రోజుల్లో అయ్యగారు, డిసెంబరు మొదటి ఆదివారం గెడ్డలో బాప్తిస్మాలిస్తానని ప్రకటించారు. గెడ్డ అంటే ఊరి కింద పారే వాగు. దానికి ముందు ఆదివారం, బాప్తిస్మం తీసుకునేవాళ్ళు చర్చిలో నిలబడి సాక్ష్యం, అంటే తమ విశ్వాసం సంగతి, చెప్పాలి. ఆ సాక్ష్యానికి ఇంకా ఇరవై రోజులుంది. ఈసారి వదలకూడదనుకుని పేరిచ్చేశాను. ఆ సాయంత్రమే డ్రాయింగు షీటు తీసి, స్కేలు పెట్టి గళ్ళు గీసి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ తయారుచేశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం. గంటసేపు మోకాళ్ళ ప్రార్థన. వాక్యం కంఠతా పట్టడం. పొద్దు వాలేదాకా ఉపవాసం. కోపం నిషేధం. సినిమా పాటలు నిషేధం. ఎర్ర అక్షరాలతో, కింద రెండు గీతలతో, సందేహాలు పూర్తిగా నిషేధం. గోడకు అంటించి, దూరంగా నిలబడి చూసుకున్నాను. అప్పటికే కొంత విశ్వాసం పెరిగినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్న అయ్యగారు ఆ షీటు ముందు నిలబడి, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఓపిగ్గా చదివారు. "సేతిరాత బాగుందమ్మా" అన్నారు. తర్వాత, "అన్నీ నువ్వే సేత్తన్నావు. మరి ఇందులో దేవుడి పనేటమ్మా?" అనడిగారు.

నేను తడుముకోకుండా, "ఆయన చూస్తుంటారండి" అన్నాను.

"ఓహో, ఇనిస్పెట్రుగారన్నమాట" అని, నవ్వొచ్చినా నవ్వకుండా, కత్తి తీసుకుని తోటకు వెళ్ళిపోయారు. ఆ మాట నాకు ఆ క్షణంలో బొత్తిగా అర్థం కాలేదు. పైగా, పల్లెటూరి పాస్టరుగారు, క్రమశిక్షణ సంగతి ఆయనకేం తెలుసులే అనుకున్నాను. (ఆ గర్వానికి టైంటేబుల్లో గడి లేదు.)

అరకు కొండల్లో నవంబరు చలి ఎలా ఉంటుందో ఆ గాలి తగిలినవాళ్ళకే తెలుసు. నాలుగింటికి అలారం కొడితే, గోనెసంచి పరుచుకుని మోకరించి, దుప్పటి తల మీదుగా కప్పుకుని, "ప్రభువా" అనేదాన్ని. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఆరింటికి అమ్మగారి కేకే. నుదురు నేలకు ఆనించి, మోకాళ్ళ మీదే గురక పెట్టి నిద్రపోయేదాన్నట. "ఏటే గుంటా, ఇది పార్దనా, నిద్దరా? నిద్దరయితే మంచమ్మీద తొంగోరాదా, మెడ ఇరిగిపోద్ది" అనేవారు. నేను సిగ్గుపడి, మర్నాడు గోనెసంచి తీసేసి వట్టి నేల మీద మోకరించాను. వట్టి నేల మీద కూడా హాయిగా నిద్రపడుతుందని తెలిసింది.

ఇక ఉపవాసం సంగతి చెప్పనక్కర్లేదు. బళ్ళో మధ్యాహ్న భోజనం. వారంలో ఎక్కువ రోజులు కోడిగుడ్డు. పిల్లలు గుడ్డు ఒలిచి, ముందు తెల్లది నెమ్మదిగా తిని, పచ్చది చివరికి దాచుకుని తింటుంటే నేను కిటికీలోంచి కొండల కేసి చూస్తూ స్తుతిగీతం పాడేదాన్ని. ఆ గీతం ఒకరోజు ఎంత బిగ్గరగా వచ్చిందంటే, వంటావిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నాకు అంతకు ముందెన్నడూ లేని కోపం మొదలైంది. పలక తెచ్చుకోలేదని ఒక పిల్లను గట్టిగా కసిరి, ఆ పిల్ల ఏడుస్తుంటే నేనూ ఏడ్చి, ఇంటికొచ్చి కోపం గడిలో ఇంటూ మార్కు పెట్టాను. రెండో వారం వచ్చేసరికి ఆ వరసంతా ఇంటూలే. కోపం పెరిగింది, నిద్ర పెరిగింది, గుడ్డు మీద ధ్యాస పెరిగింది. విశ్వాసం మాత్రం ఉన్నచోట నుంచి కదల్లేదు. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగేవారు. నేను ఇంకా కష్టపడాలని తీర్మానించుకుని, సాక్ష్యానికి ముందు మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అమ్మగారు ఊరుకోరు కదా? ఇంట్లో "బళ్ళో తిన్నాను" అనీ, బళ్ళో "ఇంట్లో తిన్నాను" అనీ చెప్పాను. దేవుడికి దగ్గరవడానికి పూటకో అబద్ధం ఆడిన దాన్ని నేనే అయ్యుంటాను.

ఆ ఆదివారం చర్చి కిక్కిరిసి ఉంది. నా చేతిలో ఎనిమిది పేజీల సాక్ష్యం. చెవుల్లో ఏదో హోరు. అయ్యగారు పిలిచారు. లేచి, ముందుకొచ్చి, "ప్రియమైన సంఘమా, విశ్వాసమనగా..." అన్నాను. అంతే. విశ్వాసమనగా ఏమిటో చెప్పకుండానే, నిలువునా, కొట్టేసిన అరటిచెట్టులా కూలిపోయాను.

తర్వాతి సంగతులు సగం పడి ఉండగా నా చెవిన పడ్డవి, సగం తర్వాత వాళ్ళు చెప్పినవి. నేను పడగానే ముందు వరసలో డప్పు పట్టుకుని కూర్చునే తాత, "ఆత్మ దిగినాది! టీచరమ్మ మీద ఆత్మ దిగినాది!" అని కేకేసి డప్పు అందుకున్నాడు. ఇంకేముంది, చర్చి మొత్తం లేచి చప్పట్లు, హల్లెలూయలు. రేకుల కప్పు అదిరిపోతోంది. నాకు కొంచెం తెలివొచ్చి కళ్ళు తెరుద్దామనుకున్నాను. సిగ్గేసి తెరవలేదు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం, "ఆత్మే అయితే బాగుణ్ణు" అనుకున్నాను కూడా. ఇంతలో ఒక చల్లటి చెయ్యి నా కనురెప్ప ఎత్తి చూసింది, పొట్ట తడిమింది. ఆ వెనకే డప్పును, హల్లెలూయలను, రేకుల కప్పును కలిపి మించిన గొంతొకటి లేచింది.

"ఆపండహె! ఆత్మ కాదు, ఏటీ కాదు, ఆకలి! పొట్ట సూడండి, ఈపుకి అంటుకుపోనాది. ఎవులైనా బేగి అంబలి అట్టుకు రండి!"

డప్పు ఆగిపోయింది. ఎవరో పరిగెత్తుకెళ్ళి చోళ్ళ అంబలి, అంటే రాగి జావ, తెచ్చారు. అరవై మంది చూస్తుండగా, సాక్ష్యం చెప్పాల్సిన చోట, అమ్మగారి ఒళ్ళో తల పెట్టుకుని గటగటా తాగాను. అంత రుచైన పదార్థం నా జన్మలో తాగలేదు. డప్పు తాత మాత్రం నిరాశగా, "రొండూ అయ్యుండొచ్చు" అని గొణిగాడట.

ఆరాధన అయ్యాక ఇంటికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. "నా పేరు కొట్టేయండి అయ్యగారూ. నాకు విశ్వాసం లేదు. ఎంత చేసినా రాలేదు. ఇంకెప్పటికీ రాదు" అన్నాను. అది హాస్యం కాదు. ఆ మధ్యాహ్నం నాకు నిజంగానే, నేను దేవుడికి పనికిరానని, ఆ తలుపు నాకు మూసేశారని అనిపించింది.

అయ్యగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నీ వయసులో నాకు మలేరియా వొచ్చినాదమ్మా. ఒళ్ళు తెలీనేదు. దుప్పటికి కర్ర కట్టి డోలీలో ఏసి, మా ఊరోళ్ళు నలుగురు మోసుకు పోనారు, ఘాట్ రోడ్డు దాకా. మద్దెలో తెలివొచ్చి సూత్తే కింద లోయ. పేణం ఎగిరిపోనాది. 'దింపండి, నాను నడుత్తాను' అని గోల సేసినాను. దింపినారు. రొండడుగులేసి పడిపోనాను. మళ్ళీ ఎత్తి డోలీలో ఏసినారు. అప్పుడు ముందు కర్ర పట్టిన మా బావ అన్నాడు: 'ఒరే, నువ్వు సేయాల్సిన పనొకటే. దిగకు.'"

"అంటే నేను నమ్మక్కర్లేదా అండీ?"

"నమ్మాల. నమ్మకం నేదని ఆయనకే సెప్పు, ఆయన్నే అడుగు. నీకాడ నేనిది నువ్వెక్కడి నుంచి తెత్తావు? మోసేవోడు ఆయన. నువ్వు ఊరికే దిగి దిగి నడుత్తన్నావు."

"సాల్లెండి, ముందు గుంటని అన్నం తిననియ్యండి" అని అమ్మగారు కంచం తెచ్చారు. అందులో రెండు గుడ్లు.

తిన్నాను. తిని, "నా దగ్గర లేదు ప్రభువా, నువ్వే ఇవ్వు" అన్నాను. అది పూర్తి ప్రార్థన, ఎనిమిది పేజీలు కాదు. ఉరుమూ లేదు, వెలుగూ లేదు. కాని ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్నదేదో లోపల వదులైంది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆయన ఇన్‌స్పెక్టరులా కాక ఇంట్లో మనిషిలా అనిపించాడు. అలాగే మర్నాడు ఏడింటిదాకా నిద్రపోయాను. లేచి, నేను కసిరిన పిల్ల ఇంటికెళ్ళి ఆ పిల్లను ఎత్తుకున్నాను. టైంటేబుల్ను అమ్మగారు అప్పటికే పొయ్యిలో పెట్టేశారు. బాగా మండిందట, గట్టి కాగితం కదా.

పై ఆదివారం మా అమ్మా నాన్నా ఘాట్ రోడ్డు మలుపులన్నిట్లో జీపు ఆపించి వాంతులు చేసుకుంటూ వచ్చారు. గెడ్డ నీళ్ళు మంచులా ఉన్నాయి. అయ్యగారు నడుం లోతులో నిలబడి చెయ్యి చాచారు. నేను ఆయన చెయ్యి అందుకునేలోపే నాచుపట్టిన రాయి మీద కాలు జారి, బుడుంగున మునిగిపోయాను. నీళ్ళు మింగి, దగ్గుతూ పైకి లేస్తుంటే, జీవితంలో మొదటిసారి అయ్యగారు అందరికీ వినపడేలా అరిచారు. "ఉండమ్మా! నానింకా మాట మొదలెట్టనేదు!"

ఒడ్డు మీద ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. వాంతుల నీరసంలో ఉన్న మా నాన్న కూడా నవ్వాడు. నేను చలికి వణుకుతూ, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ, ఈసారి కదలకుండా నిలబడ్డాను. అయ్యగారే తల వెనక చెయ్యి వేసి, ముంచి, లేపారు. పైకి లేచేసరికి ఎండ కళ్ళల్లో పడింది. డప్పు తాత ఇక ఎవరు చెప్పినా ఆగలేదు.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు, కొండల కింద మైదాన ప్రాంతంలో ఒక పెద్ద బళ్ళో ఉద్యోగం. విశ్వాసం నిండుగా ఉన్న రోజులూ ఉన్నాయి, వెతికినా కనపడని రోజులూ ఉన్నాయి. కనపడని రోజున టీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, లేదన్న సంగతి ఉన్నదున్నట్టు దేవుడికే చెబుతాను. ఆయనకు కొత్తేం కాదు. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది, కళ్ళ కింద నల్లటి చారలతో, చలికి పళ్ళు టకటకలాడిస్తూ. దాన్ని చూసి ఒకప్పుడు నవ్వొచ్చేది. ఈ మధ్య నవ్వుతో పాటు కొంచెం ముద్దు కూడా వస్తోంది. ఎంత తెలివితక్కువదో పిచ్చిది, ఎంత గట్టిగా ఆయన కావాలనుకుందో.